అబార్షన్ చర్చలో ఎవరెవరు, ఎందుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

అబార్షన్ మాట ఎత్తితే పది నిమిషాల్లో గొంతులు పెరుగుతాయి. ఇరవయ్యో నిమిషానికి ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అలాంటి చర్చలు అయిపోయాక నన్ను పక్కకు పిలిచి అడిగే సందేహాలు మాత్రం ఎప్పుడూ దాదాపు అవే. వాటినే ఇక్కడ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. ఇది వైద్య సలహా కాదు, న్యాయ సలహా కూడా కాదు. ఈ గొడవలో ఎవరు ఏం అంటున్నారో, ఎందుకు అంటున్నారో అర్థం చేసుకోవడానికి రాసింది.

## చర్చలోకి దిగే ముందు

గర్భస్రావం, అబార్షన్, గర్భవిచ్ఛిత్తి... ఇవన్నీ ఒకటేనా?

కాదు, కానీ మనం కలిపేస్తుంటాం. దానంతటదే కడుపు పోయినా గర్భస్రావమే అంటాం, కావాలని తీయించుకున్నా గర్భస్రావమే అంటాం. డాక్టర్ల రికార్డుల్లో కూడా తనంతట పోయినదాన్ని "స్పాంటేనియస్ అబార్షన్" అనే రాస్తారు. ఈ కలగాపులగం మాటల దగ్గరే ఆగితే బాగుండేది. ఎల్ సాల్వడార్‌లో 1998 నుంచి ఏ కారణంతోనూ అబార్షన్‌కు అనుమతి లేదు. అక్కడ కడుపు పోయిన ఆడవాళ్ళను, చనిపోయిన బిడ్డను కన్నవాళ్ళను అనుమానించి, హత్య నేరం మోపి ఏళ్ళ తరబడి జైల్లో పెట్టారు. ఈ పేజీలో అబార్షన్ అంటే కావాలని చేయించుకునేది మాత్రమే.

పిండం అనాలా, బిడ్డ అనాలా?

ఏ మాట ఎంచుకుంటే ఆ పక్షంలో చేరినట్టే చూస్తారు. హక్కు కావాలనేవాళ్ళు "పిండం" అంటారు. వద్దనేవాళ్ళు "గర్భస్థ శిశువు" అంటారు. నాకు తెలిసినంతలో కడుపుతో ఉన్న మనిషి ఈ రెండు మాటలనూ వాడుతుంది. బిడ్డ కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఆరో వారంలోనే "నా బిడ్డ" అంటుంది. అనుకోకుండా వచ్చినప్పుడు అదే ఆరో వారంలో "నెల తప్పింది" అంటుంది. రెండింట్లోనూ అబద్ధం లేదు. నేను పిండం అనే మాట వాడుతున్నాను, అది వైద్యులు వాడే మాట కాబట్టి. ఎదుటివాళ్ళు బిడ్డ అంటే దిద్దబోను. మాటను దిద్దడంతో మొదలైన చర్చ మనిషిని దిద్దడం దాకా పోతుంది.

ఆరు వారాలు, ఇరవై నాలుగు వారాలు అంటారు. ఈ లెక్క ఎప్పటి నుంచి?

చాలా చోట్ల చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తారు. అండం ఫలదీకరణ జరిగేది సుమారు రెండు వారాల తర్వాత. కాబట్టి "ఆరు వారాల గర్భం" అంటే నిజానికి నాలుగు వారాలే. నెలసరి సరిగ్గా వచ్చేవాళ్ళకైనా నెల తప్పిందని అనుమానం వచ్చేసరికే నాలుగు వారాలు దాటిపోతాయి. ఆరు వారాల గడువు పెట్టిన చట్టమంటే, విషయం తెలిసి, పరీక్ష చేయించుకుని, ఆలోచించుకుని, డాక్టరును పట్టుకోవడానికి రెండు వారాలు కూడా మిగలవన్నమాట. నెలసరి క్రమంగా రాని ఆడవాళ్ళకు ఆ గడువు తెలియకుండానే దాటిపోతుంది. ఈ లెక్క తెలియకుండా గడువుల మీద వాదించడం వృథా.

ఇది రెండు పక్షాల గొడవే కదా? ఒకరు కావాలంటారు, ఒకరు వద్దంటారు.

టీవీలో అలాగే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే మూడు వేరువేరు ప్రశ్నలు ఒకే ముడిలో చిక్కుకుని ఉంటాయి. కడుపులో ఉన్నదానికి ఎంత విలువ ఇవ్వాలి, ఎప్పటి నుంచి ఇవ్వాలి? నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలి, ఆ స్త్రీదా, డాక్టరుదా, కుటుంబానిదా, కోర్టుదా? మనం తప్పు అనుకున్న ప్రతిదాన్నీ చట్టం నేరం చెయ్యాలా?

ఒకే మనిషి మొదటి ప్రశ్నకు ఒకవైపు, మూడోదానికి ఇంకోవైపు ఉండొచ్చు. "నేనైతే చేయించుకోను, కానీ చేయించుకున్నవాళ్ళను జైల్లో పెట్టకూడదు" అనేవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళది ఏ పక్షం? అమెరికాలో గ్యాలప్ సంస్థ 1975 నుంచి ఈ విషయం మీద జనాన్ని అడుగుతోంది. ఎప్పుడు అడిగినా దాదాపు సగం మంది "కొన్ని సందర్భాల్లో అనుమతించాలి" అనే అంటారు. ఆ సగం మందికి జెండా లేదు, ఊరేగింపు లేదు. అందుకే వాళ్ళు లేనట్టే చర్చ నడుస్తుంది. ఈ పేజీ రాయడానికి నన్ను పురికొల్పింది ముఖ్యంగా ఇదే.

## ఎవరు ఎటువైపు

వద్దనేవాళ్ళంతా మతం కోసమే వద్దంటున్నారా?

ఎక్కువమందికి మతం బలమైన కారణమే, కానీ అందరికీ కాదు. దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా "బలహీనమైన ప్రాణాన్ని బలమైనవాళ్ళు తీయకూడదు" అనే మానవ హక్కుల వాదంతో వ్యతిరేకిస్తారు. అమెరికాలో "ఫెమినిస్ట్స్ ఫర్ లైఫ్" అనే స్త్రీవాద సంస్థ 1972లో మొదలైంది. ఉద్యోగం, చదువు తల్లులకు అనువుగా లేనందువల్లే ఆడవాళ్ళు అబార్షన్‌కు వెళ్ళాల్సి వస్తోందని, మారాల్సింది ఆ పరిస్థితి అని దాని వాదన. మరుసటి ఏడాది అక్కడే అబార్షన్ హక్కును సమర్థించే కాథలిక్కులు కూడా ఒక సంస్థ పెట్టుకున్నారు. మతాన్ని చూసి మనిషి ఏ పక్షమో చెప్పేయడం తొందరపాటు.

అన్ని మతాలూ దీని మీద ఒకే మాట చెబుతాయా?

చెప్పవు. ఒకే మతం కూడా అన్ని కాలాల్లో ఒకే మాట చెప్పలేదు. కాథలిక్ చర్చి అబార్షన్‌ను ఎప్పుడూ పాపమనే అంది. కానీ మధ్యయుగంలో థామస్ అక్వినాస్ వంటి పండితులు పిండంలోకి ఆత్మ కొన్ని వారాల తర్వాతే వస్తుందని నమ్మారు. 1869లో తొమ్మిదో పయస్ పోప్ ఆ తేడా తీసేసి, ఏ దశలో చేసినా ఒకటే శిక్ష అన్నాడు. ఇస్లాంలో ఆత్మ ప్రవేశానికి 120 రోజులనే లెక్క ప్రసిద్ధం, అంతకు ముందు ఏ మేరకు అనుమతించాలన్న దాని మీద ధర్మశాస్త్ర పాఠశాలల మధ్య తేడాలున్నాయి. యూదుల ప్రాచీన ధర్మగ్రంథం మిష్నా ప్రకారం ప్రసవంలో బిడ్డ చాలావరకు బయటికి వచ్చేదాకా తల్లి ప్రాణమే ముందు. హిందూ ధర్మశాస్త్రాలు భ్రూణహత్యను మహాపాపాల్లో చేర్చాయి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం అమెరికాలోని సదరన్ బాప్టిస్టులు అనే ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ సంగతి. ఇవాళ అబార్షన్‌కు గట్టి వ్యతిరేకులు వాళ్ళు. 1971లో మాత్రం అత్యాచారం, పిండంలో తీవ్రమైన లోపం, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యం వంటి కారణాలకు అబార్షన్‌ను అనుమతించే చట్టాల కోసం పనిచేయమని తమ సభ్యులను కోరుతూ తీర్మానం చేశారు. 1980 నాటికి ఆ వైఖరి పూర్తిగా తిరగబడింది. మధ్యలో గ్రంథం ఏమీ మారలేదు, రాజకీయం మారింది.

ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు అనుకోవచ్చా?

అనుకోవద్దు. క్రిస్టిన్ ల్యూకర్ అనే సామాజిక శాస్త్రవేత్త కాలిఫోర్నియాలో రెండు పక్షాల ఉద్యమకారులతోనూ మాట్లాడి 1984లో తన పరిశీలనలు ప్రచురించింది. రెండువైపులా ముందు వరసలో ఉన్నది ఆడవాళ్ళే. తేడా వాళ్ళ బతుకుల్లో ఉంది. ఒకవైపువాళ్ళు చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు, పిల్లల్ని ఎప్పుడు కనాలో తమ చేతిలో లేకపోతే మిగతాదేదీ తమ చేతిలో ఉండదని అనుభవంతో తెలిసినవాళ్ళు. రెండోవైపువాళ్ళు ఎక్కువగా ఇల్లు, పిల్లలే తమ జీవితంగా ఎంచుకున్నవాళ్ళు. తల్లితనాన్ని వద్దనుకోగలిగిన ఒక పనిగా సమాజం చూడడం మొదలుపెడితే తమ జీవితానికే విలువ తగ్గించినట్టు వాళ్ళకు అనిపించింది. పైకి పిండం గురించిన గొడవే, లోపల మాత్రం తల్లి కావడానికి అర్థమేమిటన్న గొడవ. ఇది తెలిశాక నాకు రెండువైపుల కోపమూ అర్థమైంది.

ఆడపిల్ల అని తెలిసి తీయించుకుంటే అది కూడా "నా నిర్ణయం" అనే అనాలా?

అబార్షన్ హక్కు కోసం పోరాడినవాళ్ళను అన్నిటికన్నా ఇరకాటంలో పెట్టిన ప్రశ్న ఇది. భారతదేశంలో 1980లలో ఉమ్మనీటి పరీక్షతో, తర్వాత స్కానింగ్‌తో లింగ నిర్ధారణ వ్యాపారంలా పెరిగింది. దాన్ని ఆపమని వీధిలోకి వచ్చింది మహిళా సంఘాలే. మహారాష్ట్ర 1988లో చట్టం తెచ్చింది, దేశమంతటికీ 1994లో వచ్చింది. ఆరేళ్ళ లోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991 జనాభా లెక్కల్లో 945 మంది ఉండగా 2001కి 927కి పడిపోయారు.

ఆ సంఘాలు ఎదుర్కొన్న చిక్కు ఇది: అబార్షన్ స్త్రీ హక్కు అంటూనే ఈ అబార్షన్ వద్దని ఎలా అంటారు? వాళ్ళు వెతుక్కున్న జవాబు ఏమిటంటే, అడ్డుకోవాల్సింది అబార్షన్‌ను కాదు, లింగం చెప్పడాన్ని. 1994 చట్టం కూడా అలాగే రాశారు. అది పరీక్షను, పరీక్ష చేసినవాళ్ళను పట్టుకుంటుంది. అత్తింటివాళ్ళు ఒత్తిడి చేస్తే పరీక్షకు వెళ్ళిన స్త్రీ "ఎంచుకుంది" అనడం కూడా నిజం కాదు.

ఈ జవాబు నాకు చాలావరకు సరిపోయింది, పూర్తిగా కాదు. ఎవరి ఒత్తిడీ లేకుండా ఒక స్త్రీ తనంతట తానే కొడుకే కావాలనుకుంటే? హక్కు అనే మాటకు అక్కడ నాకు ఊపిరాడదు. మరోపక్క, ఈ చట్టం భయంతో మామూలు అబార్షన్ కోసం వచ్చిన ఆడవాళ్ళను కూడా డాక్టర్లు తిప్పి పంపడం జరుగుతోంది. ఒక అన్యాయాన్ని ఆపబోయి ఇంకొకరిని శిక్షించడం కూడా మనం చూడాల్సిందే.

వికలాంగుల సంఘాలు మధ్యలోకి ఎందుకు వచ్చాయి?

వాళ్ళు మధ్యలోకి రావడం కాదు, చర్చ వాళ్ళ గురించే. బ్రిటన్‌లో మామూలుగా 24 వారాల గడువు ఉంది, పిండంలో తీవ్ర వైకల్యం ఉంటే మాత్రం గడువే లేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక యువతి, మరికొందరు కలిసి ఇది వివక్ష అని కోర్టుకు వెళ్ళారు. 2022లో అప్పీలు కోర్టు వాళ్ళ వాదన ఒప్పుకోలేదు. "నాలాంటివాళ్ళు పుట్టకపోతేనే మంచిదని చట్టం రాసినట్టుంది" అని వాళ్ళ బాధ. ఆ మాటలో నిజముంది. రోజంతా ఒంటరిగా ఆ బిడ్డను చూసుకోవాల్సిన తల్లి భయంలోనూ నిజముంది. వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్ళలోనే రెండు అభిప్రాయాలున్నాయి: గడువుల్లో తేడా తీసేయాలని కొందరు, చట్టం జోలికి పోకుండా పుట్టిన పిల్లలకు ఆసరా పెంచాలని కొందరు.

డాక్టర్లు ఏ పక్షం?

రెండువైపులా ఉన్నారు. చాలా దేశాల్లో మనస్సాక్షి ఒప్పుకోకపోతే అబార్షన్ చేయనని చెప్పే హక్కు డాక్టరుకు ఉంది. ఇటలీలో 1978 నుంచి అబార్షన్ చట్టబద్ధమే. కానీ అక్కడ సగానికి పైగా గైనకాలజిస్టులు చేయబోమని రాసిచ్చినవాళ్ళు, కాబట్టి కొన్ని ప్రాంతాల్లో కాగితం మీది హక్కు ఆసుపత్రిలో దొరకదు. స్వీడన్ అలాంటి మినహాయింపును చట్టంలో పెట్టనే లేదు. నా మటుకు నాకు, ఒక డాక్టరు చేయనంటే గౌరవిస్తాను, చేసే డాక్టరు ఎక్కడున్నారో చెప్పకుండా దాచితే గౌరవించలేను.

ప్రభుత్వాలకు ఇందులో స్వార్థం ఉంటుందా?

చాలాసార్లు ఉంది. జనాభా పెరగాలనుకున్న ప్రభుత్వం నిషేధిస్తుంది, తగ్గాలనుకున్న ప్రభుత్వం ప్రోత్సహిస్తుంది. సోవియట్ రష్యా 1920లో అబార్షన్‌ను చట్టబద్ధం చేసింది, స్టాలిన్ కాలంలో 1936లో నిషేధించింది, 1955లో మళ్ళీ అనుమతించింది. రొమేనియాలో నియంత చౌషెస్కూ జనాభా పెంచాలని 1966లో నిషేధం తెచ్చాడు. చైనా 1980 నుంచి 2015 దాకా ఒకే సంతానం నియమం నడిపింది, బలవంతపు అబార్షన్లు చేయించింది. కనమన్న ప్రభుత్వానికీ, కనవద్దన్న ప్రభుత్వానికీ కడుపుతో ఉన్న మనిషి ఒక అంకె. ఈ మూడో పక్షాన్ని రెండు పక్షాలూ కలిసి అనుమానించాలి.

## వాదన ముదిరినప్పుడు

ప్రాణం ఎప్పుడు మొదలవుతుందో సైన్స్ చెప్పేసింది కదా?

సైన్స్ చాలా చెప్పింది. ఫలదీకరణతో కొత్త జన్యువుల కలయిక ఏర్పడుతుంది. ఆరో వారం ప్రాంతంలో స్కానింగ్‌లో గుండె కదలిక కనిపిస్తుంది, అప్పటికి నాలుగు గదుల గుండె ఇంకా ఏర్పడదు. మంచి ఆసుపత్రుల్లో 22, 23 వారాలకు పుట్టిన పిల్లలు కొందరు బతుకుతున్నారు. నొప్పి తెలియడానికి కావలసిన మెదడు అనుసంధానాలు 24 వారాల లోపు ఉండవని బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2010లో అంది, దాన్ని ప్రశ్నించే శాస్త్రవేత్తలూ ఉన్నారు.

వీటిలో ఏ గీత దగ్గర "ఇక్కడి నుంచి మనలాంటి మనిషి" అనాలో మైక్రోస్కోపు చెప్పదు. ఫలదీకరణ నాటి కణం బతికే ఉంటుంది, మానవ కణమే. ఇందులో ఎవరికీ తగాదా లేదు. దానికి పుట్టిన మనిషికున్నంత హక్కు ఉందా అన్నది విలువల ప్రశ్న. సైన్స్ తేల్చేసిందని ఏ పక్షం అన్నా, తమ విలువను సైన్స్ మాటున దాచుకుంటున్నారని అర్థం.

"నా శరీరం, నా నిర్ణయం" అన్నాక ఇంక వాదించడానికి ఏముంది?

ఆ మాట వెనుక గట్టి వాదన ఉంది. కన్నబిడ్డ ప్రాణం పోతున్నా సరే, కిడ్నీ ఇచ్చి తీరాలని తల్లిని చట్టం బలవంతపెట్టదు. ఇస్తే గొప్ప మనసు అంటాం, ఇవ్వకపోతే జైల్లో పెట్టం. మరి గర్భం విషయంలో మాత్రం ఒక శరీరాన్ని ఇంకొకరి కోసం తొమ్మిది నెలలు వాడుకోమని చట్టం ఎలా చెబుతుంది? పిండం పూర్తి మనిషేనని ఒప్పుకున్నా ఈ ప్రశ్న అలాగే మిగులుతుంది.

ఎదుటివాళ్ళ జవాబు కూడా తేలికైనది కాదు. కిడ్నీ ఇవ్వకపోవడం కాపాడకపోవడం, అబార్షన్ ప్రాణం తీయడం, ఈ రెండూ ఒకటి కావని అంటారు. పైగా కడుపులోని బిడ్డ ఎవరో దారినపోయే మనిషి కాదు, తల్లిదండ్రుల బాధ్యత అంటారు. ఈ రెండు వాదనలనూ వాటి బలమైన రూపంలో విన్నవాళ్ళు తక్కువ. ఎదుటివాళ్ళను "హంతకులు" అనో "ఆడవాళ్ళ శత్రువులు" అనో పిలిచేవాళ్ళు అవతలి వాదనను అసలు వినలేదన్నమాట.

అత్యాచారం జరిగితే అనుమతించాలని వ్యతిరేకులు కూడా అంటారు. అది ఎలా కుదురుతుంది?

తర్కంగా చూస్తే కుదరడం కష్టం. పిండం పూర్తి మనిషైతే, అది ఎలా వచ్చిందన్న దాన్ని బట్టి దాని హక్కు మారకూడదు. అందుకే గట్టి వ్యతిరేకులు కొందరు ఈ మినహాయింపును కూడా ఒప్పుకోరు. కానీ ఎక్కువమంది ఒప్పుకుంటారు. అంటే వాళ్ళు తూచేది పిండాన్ని ఒక్కదాన్నే కాదు, ఆ స్త్రీ మీద పడిన భారాన్ని కూడా. అది బలహీనత అని నేననుకోను. ఒకసారి ఆ భారాన్ని తూచడం మొదలుపెట్టాక, పేదరికం, రోగం, హింసించే భర్త వంటివి ఎందుకు తూచకూడదని అడగవచ్చు.

మగవాడికి మాట ఉండదా?

మాట ఉంటుంది, వీటో ఉండదు. మోసేది ఒకరే కాబట్టి ఇద్దరికీ సమానంగా పంచడానికి వీల్లేని నిర్ణయం ఇది. తండ్రి కావాలనుకున్న మగవాడి బాధ నిజమైనదే, కానీ దాన్ని తీర్చడానికి ఇంకొకరి శరీరాన్ని చట్టం అప్పగించలేదు.

## కోర్టు, చట్టసభ, ఓటు

అమెరికాలో 1973లో ఇచ్చిన హక్కును 2022లో ఎలా తీసేశారు?

అది చట్టసభ చేసిన చట్టం కాదు, కోర్టు తీర్పు. 1973 జనవరి 22న "రో వర్సెస్ వేడ్" కేసులో సుప్రీంకోర్టు 7-2 తేడాతో, రాజ్యాంగంలోని వ్యక్తిగత గోప్యతలో అబార్షన్ నిర్ణయం కూడా ఉందని చెప్పింది. అప్పటికి పార్టీలు ఇంత విడిపోలేదు. రిపబ్లికన్ నాయకుడు రోనాల్డ్ రేగన్ కాలిఫోర్నియా గవర్నరుగా 1967లో అబార్షన్ నిబంధనలు సడలించే చట్టం మీద సంతకం చేశాడు. తర్వాత దశాబ్దాల్లో రిపబ్లికన్ పార్టీ వ్యతిరేకతను, డెమొక్రాటిక్ పార్టీ హక్కును తమ జెండాలుగా చేసుకున్నాయి. జడ్జీల నియామకమే యుద్ధమైపోయింది. 2022 జూన్ 24న మారిన సుప్రీంకోర్టు "డాబ్స్" కేసులో పాత తీర్పును కొట్టేసి విషయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది.

తర్వాత జరిగింది చాలామంది ఊహించనిది. 2022 ఆగస్టులో, రిపబ్లికన్లకు బాగా పట్టున్న కాన్సస్‌లో హక్కు తీసేసే ప్రతిపాదనను సుమారు 59 శాతం మంది తిరస్కరించారు. 2024లో ఫ్లోరిడాలో 57 శాతం మంది హక్కు వైపు ఓటేసినా, అక్కడ 60 శాతం కావాలి కాబట్టి ఓడిపోయింది. పార్టీకి వేసే ఓటు, ఈ ప్రశ్నకు వేసే ఓటు ఒకటి కావని తేలింది.

ఐర్లండ్ అంతలా ఎలా మారింది?

1983లో అక్కడి జనం పిండానికి తల్లితో సమానమైన జీవించే హక్కును ఓటేసి రాజ్యాంగంలో పెట్టారు. 2012 అక్టోబరులో సవిత హలప్పనవర్ అనే భారతీయ దంత వైద్యురాలు, 31 ఏళ్ళామె, 17 వారాల గర్భం నిలవదని తేలాక అబార్షన్ చేయమని అడిగింది. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోందని చేయలేదు. ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి ఆమె చనిపోయింది. చట్టంలో తల్లి ప్రాణానికి మినహాయింపు ఉంది, కానీ "ప్రాణం మీదికి వచ్చింది" అని ఏ క్షణాన అనాలో డాక్టర్లకు తేలలేదు. ఆమె బిడ్డ కావాలనుకున్న మనిషి అన్న సంగతి మరిచిపోకూడదు.

ఆ తర్వాత ప్రభుత్వం లాటరీలా ఎంపిక చేసిన 99 మంది మామూలు పౌరులను, ఒక జడ్జి అధ్యక్షతన కూర్చోబెట్టింది. వాళ్ళు నెలల తరబడి డాక్టర్లను, లాయర్లను, రెండు పక్షాలనూ విని మార్పు కావాలన్నారు. 2018 మే 25న 66.4 శాతం మంది ఆ నిబంధన తీసేయడానికి ఓటేశారు. విని, ప్రశ్నలడిగి, అప్పుడు ఓటేయడం అనే ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

భారతదేశంలో ఇంత గొడవ ఎందుకు లేదు?

ఇక్కడ చట్టం ఉద్యమంతో రాలేదు కాబట్టి. 1964లో శాంతిలాల్ షా కమిటీ వేశారు. అడ్డదారి అబార్షన్లతో చనిపోతున్న ఆడవాళ్ళ సంగతి, జనాభా గురించిన ఆందోళన రెండూ కలిసి 1971లో ఎంటీపీ చట్టం, అంటే వైద్యపరంగా గర్భం తీయడానికి సంబంధించిన చట్టం, వచ్చింది. అది స్త్రీకి హక్కు ఇచ్చిన చట్టం కాదు, డాక్టరుకు నేర చట్టం నుంచి రక్షణ ఇచ్చిన చట్టం. గర్భనిరోధకం విఫలమైందన్న కారణం 2021 సవరణ దాకా పెళ్ళైనవాళ్ళకే వర్తించేది. ఆ సవరణతో కొన్ని వర్గాల స్త్రీలకు గడువు 24 వారాలకు పెరిగింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్ళికాని వాళ్ళను ఆ వెసులుబాటు నుంచి తప్పించడం చెల్లదని చెప్పింది.

గొడవ లేదనడం కూడా ఇక పూర్తి నిజం కాదు. 2023 అక్టోబరులో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె 26 వారాల గర్భం తీయించుకోవడానికి కోర్టుకు వస్తే ఇద్దరు జడ్జీలు రెండు రకాలుగా అన్నారు. చివరికి ముగ్గురు జడ్జీల ధర్మాసనం అనుమతి ఇవ్వలేదు. ఇతర దేశాల్లో వినిపించే ప్రశ్నలే ఆ విచారణలో వినిపించాయి.

రాజీ మార్గం పట్టుకున్న దేశమేదైనా ఉందా?

జర్మనీ. 1993లో అక్కడి రాజ్యాంగ కోర్టు పిండానికి రక్షణ ఉండాలంది, కానీ ఆ రక్షణ స్త్రీని శిక్షించడం ద్వారానే జరగాలని లేదంది. ఫలితంగా మొదటి 12 వారాల్లో, ముందు కౌన్సెలింగ్‌కు వెళ్ళి మూడు రోజులు ఆగితే, అబార్షన్ "చట్టవిరుద్ధం, కానీ శిక్ష లేదు". రెండు పక్షాలకూ అసంతృప్తే. అయినా దశాబ్దాలుగా నిలిచింది.

## చట్టం మారాక

నిషేధిస్తే అబార్షన్లు ఆగిపోతాయా?

కొన్ని ఆగుతాయి, చాలావాటికి చోటు మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఏటా సుమారు 7 కోట్ల 30 లక్షల అబార్షన్లు జరుగుతున్నాయి. వాటిలో 45 శాతం సురక్షితం కానివి, ఆ ప్రమాదకరమైనవాటిలో దాదాపు అన్నీ అభివృద్ధి చెందుతున్న దేశాల్లోనే. రొమేనియా అనుభవం అందరూ తెలుసుకోవాలి. 1966 నిషేధం తర్వాత మొదట్లో జననాలు ఒక్కసారిగా పెరిగాయి. కొన్నేళ్ళకే జనం దొంగదారులు వెతుక్కున్నారు, జననాలు మళ్ళీ పడిపోయాయి, తల్లుల చావులు మాత్రం పెరుగుతూ పోయాయి. 1989 డిసెంబరులో చౌషెస్కూ కూలగానే నిషేధం ఎత్తేశారు. మరుసటి ఏడాదికే ప్రసూతి మరణాలు సుమారు సగానికి తగ్గాయి.

వ్యతిరేకులు దీనికి చెప్పేది కూడా వినాలి. చట్టం ఉన్నా నేరాలు జరుగుతాయి, అంతమాత్రాన చట్టాలు తీసేయం కదా అంటారు. పిండాన్ని పూర్తి మనిషిగా చూసేవాళ్ళకు ఆ మాట సబబే. కానీ నిషేధం కోరేవాళ్ళు దానికి ఎవరు ప్రాణాలతో మూల్యం చెల్లిస్తున్నారో కూడా లెక్కలో వేయాలి.

హక్కు వచ్చాకైనా గొడవ అయిపోతుందా?

ఏ దేశంలోనూ అయిపోలేదు. పోలండ్‌లో 1956 నుంచి తేలికగా దొరికేది, 1993లో కట్టడి వచ్చింది, 2020 అక్టోబరులో రాజ్యాంగ ట్రిబ్యునల్ పిండంలో లోపం అనే కారణాన్ని కూడా తీసేసింది, లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. అర్జెంటీనాలో 2018లో సెనేట్ ఒక బిల్లును తిరస్కరించింది, అలాంటిదే ఇంకో బిల్లు 2020 డిసెంబరు 30న నెగ్గింది. ఆ రాత్రి పార్లమెంటు బయట ఒకవైపు హక్కు కావాలనేవాళ్ళ ఆకుపచ్చ కండువాలు, ఒకవైపు వద్దనేవాళ్ళ లేత నీలం కండువాలు. అమెరికాలోలా హక్కు వెనక్కి పోతుందనే భయంతోనే ఫ్రాన్స్ 2024 మార్చి 4న దీన్ని రాజ్యాంగంలో రాసుకుంది.

## ఎదురెదురుగా కూర్చున్నప్పుడు

రెండు పక్షాలవాళ్ళు ప్రశాంతంగా మాట్లాడుకున్న సందర్భం ఒక్కటైనా ఉందా?

ఉంది. 1994 డిసెంబరు 30న అమెరికాలోని బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో రెండు క్లినిక్‌ల మీద ఒకడు కాల్పులు జరిపి, అక్కడ పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళను చంపాడు. ఆ తర్వాత రెండు పక్షాల నాయకురాళ్ళు, ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, రహస్యంగా కలవడం మొదలుపెట్టారు. నాలుగు సార్లు అనుకున్నది అయిదేళ్ళకు పైగా సాగింది. మొదటి చిక్కు మాటల దగ్గరే వచ్చింది. "పిండం" ఒకరికి నచ్చదు, "పుట్టని బిడ్డ" ఇంకొకరికి నచ్చదు. చివరికి ఇష్టం లేకుండానే "మానవ పిండం" అనే మాటకు ఒప్పుకున్నారు. 2001 జనవరిలో ఆరుగురూ కలిసి బోస్టన్ గ్లోబ్ పత్రికలో ఈ సంగతి బయటపెట్టారు.

వాళ్ళలో ఎవరూ పక్షం మారలేదు. నిజానికి ఎవరి నమ్మకం వాళ్ళకు ఇంకా గట్టిపడింది. కానీ ఎదుటివాళ్ళను దయ్యాలుగా చూపించే మాటలు మానేశారు, ప్రమాదం రాబోతోందని తెలిస్తే హెచ్చరించడానికి నేరుగా మాట్లాడుకునే దారి పెట్టుకున్నారు. ఏకాభిప్రాయం రాకుండానే హింస తగ్గించవచ్చని నేను నమ్మడానికి ఈ ఆరుగురే కారణం.

ఇంతకీ మీరు ఎటువైపు?

అడిగారు కాబట్టి చెబుతాను. కనమని కానీ, తీయించుకోమని కానీ ఎవరినీ బలవంతం చేయకూడదన్నది నాకు గట్టి నమ్మకం. తల్లి ప్రాణం పోతుంటే డాక్టరు లాయరు కోసం ఎదురుచూడాల్సిన చట్టం ఎక్కడున్నా అన్యాయమే. తొలి నెలల్లో నిర్ణయం ఆమెదే కావాలి. నెలలు నిండేకొద్దీ పిండం పట్ల మన బాధ్యత పెరుగుతుందని కూడా అనుకుంటాను. గీత సరిగ్గా ఏ వారం దగ్గర గీయాలో నా ఆలోచన ఇంకా ముగియలేదు.

నా స్నేహితురాలు ఇప్పుడు ఇదే పరిస్థితిలో ఉంది. ఈ వాదనలన్నీ ఆమెకు చెప్పనా?

వద్దు. ఆమె అడిగితే తప్ప ఏ పక్షం వాదనా చెప్పకండి. ముందు ఆమె ఏం కోరుకుంటోందో, ఆ కోరిక ఆమెదేనా, ఎవరైనా ఒత్తిడి పెడుతున్నారా అని ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. ఎన్ని వారాలైందో తెలుసుకోవడం ఆలస్యం చేయకండి. ఎటు నిర్ణయించుకున్నా తొందరగా డాక్టరును కలిస్తే దారులు ఎక్కువ ఉంటాయి. ఎవరో చెప్పారని మందులు తెచ్చుకుని మింగనివ్వకండి, అర్హత ఉన్న డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళండి. విషయం ఆమె అనుమతి లేకుండా మూడో మనిషికి చెప్పకండి, దగ్గర బంధువులైనా సరే. ఆసుపత్రికి తోడు రావాలా అని అడగండి. ఆమె మీరు అనుకోని నిర్ణయం తీసుకుంటే, ఆ మర్నాడు కూడా ఫోన్ చేయండి.